తంటా అంతా 'దగ్గర'తోనే

ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇన్, ఆన్, అండర్ నేర్పడానికి ఓ స్టీలు డబ్బా, పెన్ను చాలు. డబ్బాలో వేస్తే ఇన్, మూత మీద పెడితే ఆన్, కింద దూరిస్తే అండర్. మొదటిరోజుకి ఈ మూడే. ఎట్ జోలికి అప్పుడే పోవద్దు.

అసలు తంటా మన 'దగ్గర'తో. 'బస్టాప్ దగ్గరున్నా' అంటే మనకి 'అక్కడే', 'కాస్త అవతల' అన్న రెండర్థాలూ చెల్లుతాయి. అందుకే స్టాప్‌లోనే నిలబడి 'నియర్ ది బస్ స్టాప్' అంటారు. అక్కడే ఉంటే ఎట్, కాస్త అవతలుంటే నియర్. 'గోడకి గడియారం' ఇంకోటి, ఠక్కున 'టు ది వాల్' అనేస్తారు. గోడని ఆనుకుని ఉందా? ఐతే ఆన్.

ఆటోకి ఇన్. లేచి నాలుగడుగులు వేయగలిగే సిటీబస్సుకీ మెట్రోకీ ఆన్ (ఇన్ అన్నా కొంపేం మునగదు). ఇల్లు అమీర్‌పేటలో అంటే ఇన్, అమీర్‌పేట స్టేషన్లో కలుద్దాం అంటే మాత్రం ఎట్. రెండుచోట్లా మనది 'లో'నే మరి!