ఊడదీయగలిగే కాళ్లతో టేకు బల్ల

అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు పెద్ద బల్ల ఎంత టెన్షనో ఇల్లు మారేటప్పుడు తెలుస్తుంది. మెట్ల మలుపులో తిరగదు, లిఫ్టులో పట్టదు. అందుకే నేను చేసుకునే బల్లకు కాళ్లు ఊడొచ్చేలా ఉండాలని మొదటే అనుకున్నాను. పాత మంచాలదీ అదే పద్ధతి కదా, కోళ్లు వేరు, పట్టెలు వేరు.

కలప కోసం హైదరాబాద్‌లో ముషీరాబాద్ వైపు టింబర్ డిపోలు తిరిగాను. అక్కడ లెక్కంతా సీఎఫ్‌టీల్లో, అంటే ఘనపుటడుగుల్లో. పొడవు అడుగుల్లో, వెడల్పూ మందమూ అంగుళాల్లో తీసుకుని, మూడింటినీ గుణించి 144తో భాగించాలి. రెండున్నర అడుగుల పొడవున్న 3 × 3 అంగుళాల కాళ్లు నాలుగు కలిపితే 0.625 సీఎఫ్‌టీ. ఈ లెక్క మనకు తెలిసినట్టు కనిపిస్తే బేరం తీరే మారిపోతుంది. కూల్చిన ఇళ్ల ద్వారబంధాల టేకు తీసుకున్నాను. ఏళ్ల తరబడి ఆరిన చెక్క, అంత తేలిగ్గా వంకర పోదు. లోపల మేకులుంటే మాత్రం పీకించాకే చిత్రిక పట్టించాలి, లేకపోతే బ్లేడు పోతుంది. చిత్రిక మిషన్ మీదే పట్టించాను, చేత్తో పట్టే ఓపిక నాకు లేదు.

అసలు పనంతా మూలల్లో ఉంది. చాలామంది పై చెక్కకు ఎల్ క్లాంపులతో కాళ్లు నేరుగా బిగించేస్తారు. బల్లను పక్కకు జరిపినప్పుడల్లా ఆ చిన్న స్క్రూలే భారం మోయాలి, కొన్నాళ్లకు కాళ్లు ఊగడం మొదలు. మా వీధి వడ్రంగి మేస్త్రీ చూసి, "కాలు ఎంత లావున్నా ఫాయిదా లేదు సార్, మూల గట్టిగుండాలె" అన్నాడు.

అందుకని పై చెక్క కింద 4 అంగుళాల పట్టెలతో చట్రం కట్టాను. పట్టెలు మూలలో ఒకదానికొకటి తగలకుండా కాలు పట్టేంత చోటు వదిలి, లోపలివైపు 45 డిగ్రీల్లో కోసిన దిమ్మతో వాటిని కలిపాను, ఫెవికాల్, స్క్రూలు రెండూ వేసి. బిగించేముందు ఎదురెదురు మూలల మధ్య టేపుతో కొలిచాను. రెండు కొలతలూ సమానమైతేనే చట్రం సరిగ్గా ఉన్నట్టు.

రాణీగంజ్‌లో హ్యాంగర్ బోల్టులు దొరికాయి. ఒక కొన చెక్కలోకి దిగే మర, రెండో కొన నట్టు పట్టే మర. కాలి లోపలి అంచును చదునుగా చెక్కి, 8 ఎంఎం బోల్టుకు 6 ఎంఎం బెజ్జం వేశాను. బోల్టుకు తల ఉండదు కాబట్టి రెండు నట్లు ఎక్కించి, ఒకదానితో ఒకటి బిగించి, పై నట్టును స్పానర్‌తో తిప్పితే దిగుతుంది. మరకు కాస్త సబ్బు రాస్తే టేకు పగలదు. రెండో కొనను దిమ్మలోంచి పోనిచ్చి లోపల వాషరు, నట్టు వేస్తే కాలు వచ్చి పట్టెలకు అతుక్కుంటుంది.

పై చెక్కను చట్రానికి ఫెవికాల్‌తో అంటించలేదు. వానాకాలంలో చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, దాన్ని ఆపితే పగులుతుంది. స్క్రూ బెజ్జాలను కాస్త పొడుగ్గా చేస్తే అది జరగడానికి చోటుంటుంది.

కాళ్ల అడుగులకు కూడా పాలిష్ వేశాను, ఇల్లు తుడిచిన నీళ్లు పీల్చేది అక్కడే. ఎండాకాలంలో చెక్క కుంచించుకుని నట్లు వదులవుతాయి, అప్పుడు ఒక్కో నట్టును అర తిప్పు బిగిస్తున్నాను.