నాడి పట్టని డాక్టర్ని అమ్మ ఎందుకు నమ్మింది

ఆన్‌లైన్ డాక్టర్ల మీద నమ్మకం లేదు అనే మాట మన వైజాగ్‌లో ఎవర్నడిగినా చెప్తారు. నన్నడిగితే యాప్ బాలేక కాదు, నెట్ స్లో అనీ కాదు, అవతల కూర్చున్న మనిషి మనల్ని పట్టించుకుంటున్నాడా లేదా అన్నది మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది, అంతే.

మా అమ్మకి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. కంచరపాలెం నుంచి మహారాణిపేట వెళ్లి ఓపీ చీటీ రాయించుకుని పొద్దంతా బెంచీ మీద కూర్చోవడం ఆవిడ మోకాళ్ల వల్ల కాదు, అందుకని వీడియోలో చూపిద్దామంటే "ఫోన్లో ఏటి సూత్తాడే, నాడి పట్టుకోకుండా మందులు రాసీడమేటి" అంది. ఆ మాట కొట్టిపారేసేది కాదు. మా వీధి చివర ఆరెంపీ గారి దగ్గర రోజూ సాయంత్రం అంతమంది ఎందుకుంటారు? ఆయన చెయ్యి పట్టుకుని చూస్తాడు, ఇంట్లోవాళ్ల పేర్లన్నీ తెలుసు, డబ్బుల్లేకపోతే రేపిమ్మంటాడు. చదువు సంగతి తర్వాత.

ముందు ఒక యాప్‌లో చూపించాం, పేరెందుకులెండి. అవతల కెమెరా ఆఫ్, అమ్మ మాట పూర్తవకుండానే టెస్టుల లిస్టు వచ్చేసింది, అవి కూడా వాళ్లు చెప్పిన ల్యాబ్‌లోనే చేయించుకోవాలంట. ప్రిస్క్రిప్షన్ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ లేదు. 2020 మార్చి 25న, అంటే లాక్‌డౌన్ మొదలైన రోజే, కేంద్రం టెలిమెడిసిన్‌కి, అంటే ఫోన్లో, వీడియోలో చేసే వైద్యానికి, గైడ్‌లైన్స్ ఇచ్చింది, అందులో ఆ నంబర్ ప్రిస్క్రిప్షన్ మీద ఉండి తీరాలని ఉంది. కన్సల్టేషన్ ఇచ్చేది మనిషే అయుండాలి, ఏఐ తనంతట తాను మందులు రాయకూడదని కూడా ఉంది. షెడ్యూల్ ఎక్స్, అంటే అలవాటు పడే ప్రమాదం ఉందని గట్టి కట్టడిలో పెట్టిన మందులైతే ఫోన్ మీద అసలు రాయకూడదు. ఇవన్నీ పేషెంట్లలో ఎంతమందికి తెలుసు? ఆ నంబర్ అడిగితే డాక్టర్‌కి కోపమొస్తుందేమో అని మనమే భయపడతాం.

తర్వాత ఇంకో హాస్పిటల్ వాళ్ల వీడియో కన్సల్టేషన్‌లో ఒక కుర్ర డాక్టర్ దొరికాడు. ముందు తన పేరు, ఏం చదివాడో చెప్పాడు, తర్వాత "అమ్మా, మీ పక్కన ఎవరున్నారు?" అని అడిగాడు. నేనేనండీ కూతుర్ని అన్నాను. "మేడమ్ ఒక్క రెండు నిమిషాలు బయటికెళ్తారా" అన్నాడు. ఫోన్ పట్టుకున్నది నేను, రిపోర్టులు అప్‌లోడ్ చేసింది నేను, నన్నే బయటికి పొమ్మంటాడేంటి అని కాస్త చిర్రెత్తింది కూడా. తలుపు దగ్గరికేసి వచ్చాను. తర్వాత తెలిసింది, ఆవిడకి చాలారోజులుగా యూరిన్ ఇబ్బంది ఉందంట, నా ముందు చెప్పలేక ఊరుకుందంట. హాస్పిటల్‌కి వెళ్లినప్పుడు ఓపీలో చుట్టూ పదిమంది నిలబడి ఉంటే అక్కడా చెప్పలేదు. స్క్రీన్ మీద డాక్టర్‌కి మాత్రం చెప్పింది!

బీపీ మెషిన్ అంకె నోటితో చెప్తే ఒప్పుకోలేదు, కెమెరాకి చూపించమన్నాడు. "నేను అబద్ధం సెప్తానా బాబూ" అని అమ్మ మూతి ముడిచింది. ఆయన నవ్వి, మీరు కాదమ్మా, మెషిన్ చెప్తుంది, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని మాట్లాడకుండా మళ్లీ పెట్టండి అన్నాడు, పెడితే నిజంగానే తగ్గింది. ఈ సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ డాక్టర్ కూడా మనల్ని నమ్మాలి కదా, అవతలున్నది ఎవరో, వేసుకుంటున్న మందులన్నీ చెప్పారో, నాటు మందేదో దాచారో ఆయనకేం తెలుసు. మనం సగం చెప్పి మందు పనిచెయ్యలేదంటే ఎలా.

అరికాళ్లు చూపించమన్నాడు. చూసి, "పైకి బానే ఉన్నాయి, కానీ స్పర్శ ఎంతుందో ఇక్కడినుంచి నేను చెప్పలేను, ఒకసారి తీసుకురండి" అన్నాడు. అమ్మ నమ్మింది సరిగ్గా ఇక్కడే. నాకు తెలీదు, రండి అన్నాడంటే తెలిసినవి నిజమే చెప్పుంటాడు అని ఆవిడ లెక్క. వెళ్లొచ్చాం. అదే జబ్బుకి ఆర్నెల్లలోపు ఫోన్లో మాట్లాడితే గైడ్‌లైన్స్ ప్రకారం అది ఫాలోఅప్ కిందకొస్తుంది, పాత మందులు కొనసాగించడం, పక్కన ఇంకోటి కలపడం డాక్టర్‌కి సులువవుతుంది. ఒకసారి మొహం చూసుకుని తర్వాత ఫోన్లో మాట్లాడుకోవడమే నాకు సరైన పద్ధతి అనిపిస్తుంది.

ఏజెన్సీలో ఇంకో రకం. పాడేరు వైపు ఊళ్లలోంచి ఘాట్ దిగి వైజాగ్‌లో పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి రావాలంటే ఒక రోజు కూలి పోయినట్టే, పైగా ఛార్జీలు. ప్రభుత్వం వాళ్ల వీడియో వైద్యం ఈ-సంజీవని ఉంది కదా, అందులో ఊరి హెల్త్ క్లినిక్‌లో ఒక మనిషి పేషెంట్ పక్కనే కూర్చుని బీపీ చూసి డాక్టర్‌తో మాట్లాడిస్తుంది, అక్కడ జనం నమ్మేది స్క్రీన్‌లో డాక్టర్ని కాదు, ఆ పక్కన కూర్చున్న అమ్మాయిని. కువి అనే కొండ భాష మాట్లాడే ముసలావిడకి అవతల లైన్లో ఉన్న డాక్టర్ తెలుగు ఎంత అర్థమవుతుంది, ఆ అమ్మాయో ఆశా వర్కరో విడమర్చి చెప్తేనే కదా మాత్ర మింగేది. ఆ క్లినిక్ అమ్మాయిని మాటిమాటికీ బదిలీ చేసేసి, జనం టెలిమెడిసిన్ వాడట్లేదు అంటే ఎలా?

ఇప్పుడు మా అమ్మ ఆ డాక్టర్ బాబైతేనే ఫోన్ ముందు కూర్చుంటానంటుంది. బుకింగ్‌లో డాక్టర్ని ఎంచుకునే ఆప్షన్ లేదు. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే "ఎవరు ఫ్రీగా ఉంటే వాళ్లు లైన్లోకొస్తారు మేడమ్" అన్నారు. వీడియో క్లారిటీ పెంచామని మాత్రం వారం వారం మెసేజ్ పెడుతున్నారు.