వెరిలాగ్ నేర్చుకుంటూ ఎఫ్‌పీజీఏతో సీరియల్‌గా మాట్లాడించిన నా అనుభవం

నేను మైక్రోకంట్రోలర్లకు సీ భాషలో కోడ్ రాస్తాను. ఎఫ్‌పీజీఏ, అంటే లోపలి సర్క్యూట్‌ను మనమే రాసి మార్చుకోగల చిప్, నేర్చుకోవాలని ఎప్పటినుంచో కోరిక. ఆ సర్క్యూట్‌ను రాసే భాషే వెరిలాగ్. చేతికందే ధరలో టాంగ్ నానో 9కె బోర్డు దొరకడంతో మొదలుపెట్టాను. దాని మీదున్న గోవిన్ చిప్‌లో 8,640 ఎల్‌యూటీలు (లాజిక్ కట్టుకునే చిన్న చిన్న పట్టికలు) ఉంటాయి. నేర్చుకునేవాళ్ళకు అవి బోలెడు.

అందరిలాగే ముందు ఎల్ఈడీ. 52వ పిన్ మీద 27 మెగాహెర్ట్జ్ క్లాక్ వస్తుంది, అంటే సెకనుకు 2 కోట్ల 70 లక్షల టిక్కులు. అర సెకనుకోసారి ఎల్ఈడీ మారాలంటే కోటీ 35 లక్షల టిక్కులు లెక్కపెట్టాలి. 23 బిట్ల కౌంటర్ 83 లక్షలు దాటి పోదు, కాబట్టి 24 బిట్లు కావాలి. సీలో అయితే ఇంట్ అని రాసేసి ముందుకెళ్ళిపోతాం. ఇక్కడ కౌంటర్‌లోని ప్రతి బిట్టూ ఒక ఫ్లిప్‌ఫ్లాప్, అంటే ఒక్క బిట్‌ను గుర్తుంచుకునే, చిప్‌లో చోటు పట్టే వస్తువు. పిలవడానికి డిలే ఫంక్షన్ ఉండదు. క్లాక్ అంచు (సున్నా నుంచి ఒకటికి మారే క్షణం) రాగానే, ఆ అంచున ఏం జరగాలో రాసే ఆల్వేస్ బ్లాకులన్నీ ఒక్కసారే కదులుతాయి. ఇది వంటబట్టేదాకా వెరిలాగ్ లొంగదు.

నాకు అసలైన చదువు యూఏఆర్‌టీ రిసీవర్ దగ్గర, అంటే కంప్యూటర్ ఒకే తీగ మీద బిట్ తర్వాత బిట్‌గా పంపేదాన్ని అందుకునే సర్క్యూట్ దగ్గర దొరికింది. వేగం సెకనుకు 115200 బిట్లు అనుకుంటే ఒక్కో బిట్ 234.375 క్లాకులు ఉంటుంది. 234 అని సర్దుకోవచ్చు, పది బిట్ల ఫ్రేములో (మొదట సున్నాగా వచ్చే స్టార్ట్ బిట్, ఎనిమిది డేటా బిట్లు, చివర స్టాప్ బిట్) ఆ తేడా ఒక బిట్‌లో రెండు శాతం కూడా కాదు. లైన్ ఒకటి నుంచి సున్నాకు పడగానే 117 క్లాకులు ఆగి, స్టార్ట్ బిట్ నడిమధ్య ఇంకా సున్నాయే ఉందో లేదో చూడాలి. అక్కడి నుంచి ప్రతి 234 క్లాకులకూ ఒక బిట్ తీసుకుంటూ పోవాలి. కంప్యూటర్ నుంచి వచ్చే ఆ సిగ్నల్‌కు మన క్లాక్‌తో ఏ సంబంధమూ లేదు. సరిగ్గా క్లాక్ అంచు దగ్గరే అది మారితే ఫ్లిప్‌ఫ్లాప్ అటూ ఇటూ కాకుండా కాసేపు ఊగిసలాడుతుంది. అందుకే దాన్ని వరసగా రెండు ఫ్లిప్‌ఫ్లాపుల గుండా పంపాకే వాడుకోవాలి.

బోర్డులో దించే ముందు టెస్ట్‌బెంచ్ (డిజైన్‌కు ఇన్‌పుట్లు ఇచ్చి పరీక్షించే కోడ్) రాసి ఐకారస్ వెరిలాగ్ అనే సిమ్యులేటర్‌తో నడిపాను. సిగ్నళ్ళను గీతలుగా చూపే జీటీకేవేవ్‌లో ఆ తరంగాలు చూస్తుంటే శాంపిల్ బిట్ మధ్యలో పడుతోందో లేదో కళ్ళకు కట్టినట్టు తెలిసిపోతుంది. సిమ్యులేషన్ లేకుండా నేరుగా బోర్డు మీదకు వెళ్ళొద్దని కొత్తవాళ్ళకు గట్టిగా చెబుతాను. విలువలు తెర మీద చూసుకోవడానికి సీలోలాగా చిప్ లోపల ప్రింట్‌ఎఫ్ పెట్టుకోలేం కదా! సింథసిస్ (కోడ్‌ను సర్క్యూట్‌గా మార్చే దశ) ఇచ్చే వార్నింగులు కూడా ఓపిగ్గా చదవాలి. క్లాక్‌తో పని లేని కాంబినేషనల్ బ్లాకులో ఎల్స్ లేని ఇఫ్ ఒక్కటి మిగిలినా, పాత విలువను పట్టి ఉంచే లాచ్ ఒకటి మనం అడగకుండానే వచ్చి కూర్చుంటుంది.

వచ్చిన బైట్‌లో కింది ఆరు బిట్లను ఆరు ఎల్ఈడీలకు కలిపాను. ఆ ఎల్ఈడీలు సున్నా ఇస్తేనే వెలుగుతాయి, అందుకని తిరగేసి ఇచ్చాను. పెద్ద ‘ఎ’ కొడితే ఒకటి, ‘బి’కి దాని పక్కది, ‘సి’కి ఆ రెండూ వెలిగాయి. ఆ రాత్రి ఆనందంతో నిద్ర పట్టలేదు.

ఇప్పుడు అదే బోర్డు మీదున్న హెచ్‌డీఎంఐ మీద పడ్డాను. క్లాక్ వేగాన్ని మార్చే పీఎల్‌ఎల్‌తో 27ను 126 మెగాహెర్ట్జ్ చేసి, దాన్ని ఐదుతో భాగిస్తే 640×480 తెరకు కావలసిన 25.2 మెగాహెర్ట్జ్ పిక్సెల్ క్లాక్ వస్తుంది. వరుస, తెర ఎక్కడ మొదలవుతాయో చెప్పే సింక్ సిగ్నళ్ళ వరకు సిమ్యులేషన్‌లో కుదిరింది, రంగులు మిగిలాయి.