టికెట్ కొని మరీ చేసిన చాకిరీ

శనివారం, రాత్రి పదకొండు దాటింది. టెంటులో కూర్చుని, తలకు కట్టుకునే లైటు వెలుగులో రాస్తున్నాను. దోమలన్నీ బయటే ఉన్నాయి, ఒక్కటి తప్ప.

బెర్లిన్ నుంచి రైల్లో వచ్చి, స్టేషన్ నుంచి ఎవరిదో వ్యాన్ ఎక్కితే బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రంలో పైన్ అడవుల పక్కన ఈ పొలం. కొన్ని వందల మందిమి. ఇక్కడ జరుగుతున్న పండగ, అమెరికాలోని నెవాడా ఎడారిలో జరిగే బర్నింగ్ మ్యాన్‌కు దూరపు చుట్టం. 1986లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని బేకర్ బీచ్‌లో లారీ హార్వీ, జెర్రీ జేమ్స్ అనే ఇద్దరు స్నేహితులు ఒక చెక్కబొమ్మను తగలబెట్టారు. 1990లో అది ఎడారికి చేరింది, ఇప్పుడు 70 వేల మంది వెళ్లే జాతర అయింది. వేరే ఊళ్లలో, దేశాల్లో ఇలాంటి చిన్నవి మొదలవుతుంటే, వాటికి దారి చూపడానికి 2004లో హార్వీ పది సూత్రాలు రాశాడు. లోపల అమ్మకం ఉండదు, కొనడం ఉండదు. కావలసినవి ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. పోయేటప్పుడు నేలమీద అగ్గిపుల్ల కూడా మిగలకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఊరికే చూసిపోయేవాళ్లకి ఇక్కడ చోటు లేదు. ప్రతివాళ్లూ ఏదో ఒకటి చెయ్యాలి.

ఈ మాట అమ్మకి ఫోన్లో చెబితే, "అంటే డబ్బులిచ్చి మరీ చాకిరీకి వెళ్తున్నావా? ఆ చేసేదేదో ఇంటికొచ్చి చెయ్యకూడదూ?" అంది. నిజమే. నిర్వాహకులు కూడా టికెట్ కొనుక్కునే వస్తారు. జీతం ఎవరికీ లేదు.

పొద్దున నాకు పడింది మరుగుదొడ్ల డ్యూటీ. పడింది అనకూడదు, డ్యూటీల పట్టికలో ఆ గడిలో పేరు రాసుకున్నది నేనే. నీళ్లు లేని కంపోస్టు దొడ్లు. రంపపు పొట్టు బస్తాలు మోసుకెళ్లి డబ్బాలు నింపాలి, పేపరు చుట్టలు పెట్టాలి, చేతులు కడుక్కునే చోట సబ్బుందో లేదో చూడాలి, కూర్చునేది తుడవాలి. లోపల గోడకి ఎవరో చక్కటి అక్షరాలతో "ఒక గరిటె పొట్టు, ఒక మూత, ఒక చిరునవ్వు" అని రాసి అంటించారు. మూడోదాని సంగతి ఎలా ఉన్నా మొదటి రెండూ చాలామంది మరిచిపోతున్నారు. నాతోపాటు డ్యూటీలో ఉన్నాయన రాత్రంతా డ్యాన్స్ చేసి అలాగే వచ్చాడు, వెండిరంగు ప్యాంటుతో. మాట్లాడకుండా చకచకా పని కానిచ్చేశాడు. ఈ పండగ ఎలా నడుస్తోందో బొమ్మలూ సంగీతమూ చూస్తే తెలియదు, ఈ డ్యూటీల పట్టిక చూడాలి. అందులో ఖాళీ గడులు ఎక్కువైన రోజున మిగతావన్నీ ఆగిపోతాయి.

పట్టికలో లేనిది ఒకటుంది, సామాను. స్వావలంబన అని పేరు పెట్టుకున్నారు గానీ వ్యాన్ నిండా మంచాలు, ఫ్రిజ్, సోలార్ పలకలు తెచ్చుకున్నవాడి స్వావలంబన వేరు, వీపున ఒక్క బ్యాగుతో వచ్చినదాని స్వావలంబన వేరు. నా టెంటు అరువు, పరుపు అరువు. నా రంగు మనుషులు ఎంతమంది ఉన్నారో వెతుక్కోవాల్సి వచ్చింది. దీని గురించి ఇక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడరు.

మధ్యాహ్నం మా క్యాంపు వంతు భోజనం. పులిహోర. 10 కిలోల బియ్యం, గ్యాసు పొయ్యి, పక్కనే మంటలార్పే సిలిండరు. చింతపండు గుజ్జు ఇంట్లోనే ఉడికించి సీసాల్లో తెచ్చాను. పోపు వేసినప్పుడు ఆ ఇంగువ వాసనకి ముందు వరసలో వాళ్లు ఒకడుగు వెనక్కి వేశారు, పల్లీలు వేగేసరికి రెండడుగులు ముందుకొచ్చారు. పాలూ నెయ్యీ లేని వంట కాబట్టి వీగన్లకి ఏ మార్పూ చెయ్యక్కర్లేదని గర్వపడుతుండగా, వంటగది చూసుకునే అమ్మాయి అలర్జీల కార్డు చేతిలో పెట్టింది. పల్లీలు రాయాలి. ఆవాలు కూడా రాయాలట, యూరప్‌లో తప్పనిసరిగా చెప్పాల్సిన 14 పదార్థాల్లో అవీ ఉన్నాయి. ఇంగువ డబ్బా తిప్పి చూస్తే గోధుమపిండి. పండగలకి దేవుడికి పెట్టే ప్రసాదానికి అంత పెద్ద హెచ్చరిక రాయడం నవ్వొచ్చింది గానీ, ఒకావిడ ఆ కార్డు చదివి, నాకు దణ్ణం పెట్టి, పక్క క్యాంపు సూపు దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తర్వాత మళ్లీ నవ్వలేదు.

తిన్నవాళ్లెవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు. ఇది మాత్రం నాకు ఒంటబట్టలేదు. పక్కింటివాళ్లు కూర పంపితే గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని పెరిగినదాన్ని. నిన్న ఒకతను టీ ఇస్తే వెంటనే బ్యాగులోంచి జంతికలు తీశాను. "ఇది బేరం కాదు" అన్నాడు నవ్వుతూ. జంతికలు మాత్రం తీసుకున్నాడు, గుప్పెడు కాదు, పొట్లం మొత్తం.

సాయంత్రం అసలు సంగతి. మైదానం మధ్యలో ఒక వడ్రంగి, అతని స్నేహితులు కలిసి చెక్కతో పెద్ద కొంగను నిలబెట్టారు. ఇవాళ రాత్రి దాన్ని కాల్చాలి. కానీ ఇక్కడ నేలంతా ఇసుక, చెట్లన్నీ పైన్, వానలు తక్కువ. అడవి మంటల ముప్పు ఒకటి నుంచి ఐదు వరకు ఏ మెట్టు మీద ఉందో వేసవంతా ప్రకటిస్తారు. ఇవాళ ఐదు, అన్నిటికంటే పై మెట్టు. 2018లో ట్రాయెన్‌బ్రీట్సెన్ దగ్గర అడవి అంటుకున్నప్పుడు, నేలలో మిగిలిపోయిన రెండో ప్రపంచ యుద్ధపు మందుగుండు పేలుతుంటే అగ్నిమాపక సిబ్బంది లోపలికి అడుగు పెట్టలేకపోయారు. అది ఈ చుట్టుపక్కల ఎవరూ మరిచిపోలేదు. కాబట్టి మంట లేదు, అందులో చర్చకేమీ లేదు. అయినా గుండ్రంగా కూర్చుని గంటసేపు చర్చించాం. అందరి అభిప్రాయమూ వినాలి కదా! ఒకాయన అగ్నిమాపకశాఖ అధికారుల మనసులో ఏముందో అర్థం చేసుకోవాలన్నాడు. ఇంకో పది నిమిషాలయితే నేను లేచి వెళ్లిపోయేదాన్నే.

అప్పుడు వెనకనుంచి ఒక పిల్ల, ఇరవై కూడా ఉండవు, "కాల్చలేకపోతే విప్పుదాం" అంది. ఇక్కడ పద్ధతి ఏమిటంటే, ఎవరు చేస్తారో వాళ్లదే మాట. ఆ పిల్ల ఎవరి అనుమతీ అడగలేదు, స్క్రూడ్రైవర్లు ఎవరి దగ్గరున్నాయో అడిగింది. రాత్రి పదింటికి, ఇక్కడి వేసవి పొద్దు కాబట్టి ఆకాశంలో ఇంకా వెలుగుండగానే, రెక్కల నుంచి మొదలుపెట్టాం. డోలు వాళ్లు డోలు వాయించారు. పైకెక్కినవాళ్లు పలక విప్పి కిందికి అందిస్తే కింద మేం వరసలో నిలబడి చేతులు మార్చుకుంటూ ట్రక్కు దాకా పంపించాం. వడ్రంగి కాసేపు దూరంగా నిలబడ్డాడు. బాధపడుతున్నాడనుకున్నాను. దగ్గరికొచ్చి, "ముక్కు జాగ్రత్త, అది ఓక్ చెక్క" అని మాత్రం అన్నాడు. మంట అయితే అరగంటలో అయిపోయేది, చూసి చప్పట్లు కొట్టి వచ్చేవాళ్లం. ఇప్పుడు నా అరచేతిలో రెండు చెక్క పేళ్లు గుచ్చుకుని ఉన్నాయి, పట్టకారు ఎక్కడ పెట్టానో కనబడటం లేదు.

బకెట్‌లో పడిన స్క్రూలు లెక్కపెడితే వాడినవాటిలో పాతిక దాకా తక్కువొచ్చాయి. గడ్డిలో ఉంటాయి. ఈ పొలంలో తర్వాత ఆవులు మేస్తాయి. అందుకని రేపు పదింటికి చక్రాల అయస్కాంతం తోసుకుంటూ కొందరు, వాళ్ల వెనక వరసగా కళ్లతో వెతుకుతూ కొందరు నడవాలి. పట్టికలో నా పేరు ఎవరో ముందే రాసేశారు. చేతిరాత చూస్తే ఆ అలర్జీ కార్డు అమ్మాయిదే.