ఆమడ దూరం నడక

ఈస్టర్ తెల్లవారుజామున నారాయణగూడ సమాధుల తోటలో వెలిగే కొవ్వొత్తులను చూసినవాళ్లకు ఆ పండగ ఎలా మొదలవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మామయ్యగారి సమాధి మీద బంతిపూలు పరుస్తాం. గాలికి ఆరిపోయే వత్తికి అరచెయ్యి అడ్డుపెట్టి మళ్లీ వెలిగిస్తాం. అక్కడినుంచి చర్చికి. ఆరాధన, ప్రభురాత్రి భోజన సంస్కారం, ఇంటికొచ్చాక బిర్యానీ. మధ్యాహ్నం మూడయ్యేసరికి పెద్దవాళ్లు నడుం వాలుస్తారు, పిల్లలు ఫోన్లు పట్టుకుంటారు. పండగ అయిపోయినట్టే.

పొద్దున చేసింది భక్తి, మధ్యాహ్నం నుంచి మిగిలింది ఉత్త సెలవు అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. పిల్లల్ని ఎక్కడికైనా తిప్పుకురావడం ఆ సెలవు లెక్కలోకే వచ్చేది. బైబిల్లో యేసు తిరిగి లేచిన రోజు గురించి చెప్పే లూకా సువార్త 24వ అధ్యాయం ఎన్నిసార్లు చదివినా నా కన్ను ఖాళీ సమాధి దగ్గరే ఆగిపోయేది. ఆ రోజు మధ్యాహ్నం ఏం జరిగిందో నిదానంగా చదివింది ఈ మధ్యే.

మరణాన్ని జయించిన యేసు ప్రభువు నేరుగా, తనకు సిలువ శిక్ష వేసిన పిలాతు ముందుకెళ్లి నిలబడితే ఎంత బాగుండేదో అనిపిస్తుంది మనకు. ఆయన మాత్రం ఎమ్మాయు అనే చిన్న ఊరికి పోయే దారిపట్టాడు. యెరూషలేముకు ‘ఆమడ దూరమున’ ఉన్న ఊరని మన తెలుగు బైబిల్లో ఉంది. మూలంలో ఉన్న కొలతను లెక్కగడితే సుమారు 11 కిలోమీటర్లు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర బయల్దేరి చార్మినార్ దాటేంత. ఆ దారిలో ఆయన శిష్యులు ఇద్దరు తలలు వంచుకుని నడుస్తున్నారు. పక్కనే చేరి, “ఏం మాట్లాడుకుంటున్నారు?” అని అడిగి, వాళ్లతోపాటే నడిచాడు. ఆయనెవరో వాళ్లు గుర్తుపట్టలేదు. పునరుత్థాన దినాన ఆయన అన్ని గంటలు ఇచ్చింది ఒక నడకకి!

ఇద్దరిలో ఒకరి పేరు క్లెయొపా అని లూకా రాశాడు, రెండోవారి పేరు రాయలేదు. యోహాను సువార్తలో సిలువ దగ్గర నిలబడ్డ స్త్రీలలో క్లోపా భార్య మరియ ఉంది కదా, ఆ రెండో మనిషి ఆమే అయ్యుండొచ్చని కొందరు బైబిలు పండితులు అంటారు. తేల్చి చెప్పడానికి ఆధారం లేదు కానీ, నాకు ఆ ఊహ చాలా ఇష్టం. యూదుల పస్కా పండగకి వెళ్లిన మొగుడూ పెళ్లాలు, ఆశలన్నీ కూలిపోయి, మాట్లాడుకుంటూ తిరిగొస్తున్నారు. ఆ ఇద్దరి మధ్యకి ఆయన వచ్చాడు.

2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చింది. పిల్లల పరీక్షలు అప్పుడే అయ్యాయి. మన దగ్గర గుడ్ ఫ్రైడేకి సెలవు ఉంటుంది గానీ ఈస్టర్ సోమవారానికి ఉండదు. అందుకని మావారూ నేనూ లీవు పెట్టి, అత్తయ్యని కూడా బయల్దేరదీసి, జూకి వెళ్లాం. 1963లో తెరిచిన ఆ జూ పార్కుని అత్తయ్య పెళ్లయిన కొత్తలో చూశారట, మళ్లీ ఇదే. తీరా వెళ్తే గేటు మూసి ఉంది. జూకి సోమవారం సెలవు. కనుక్కోకుండా బయల్దేరడం నా పొరపాటు. పిల్లల మొహాలు చూస్తుంటే లూకా మాటే గుర్తొచ్చింది: ‘దుఃఖముఖులై నిలిచిరి’. పదేళ్ల పెద్దోడు ఏడవలేదు, నోరు బిగించి నేలకేసి చూస్తున్నాడు. చిన్నది నా చున్నీ వదలట్లేదు.

కొంచెం అవతల చెట్టు కింద ఒక ముసలాయన తాటి ముంజలు కొడుతున్నాడు. “ఇయ్యాల సోమారం గద బిడ్డా, బంద్ ఉంటది” అన్నాడు మమ్మల్ని చూసి. ఎండ మండిపోతోంది. ఇంకెక్కడికీ వెళ్లే ఓపిక లేక ఆ నీడలోనే దుప్పటి పరిచాం. పులిహోర డబ్బా మూత తీయగానే అత్తయ్య, “అన్నా, నువ్వూ వచ్చి చెయ్యి కడుక్కో” అన్నారు. తిన్నానన్నాడు, బేరం పోతుందన్నాడు, మీరు తినుండ్రి అన్నాడు. అత్తయ్య ఊరుకోలేదు. మూడోసారి పిలిచాక కత్తి పక్కన పెట్టి లేచాడు.

ఎమ్మాయు ఊరు దగ్గరపడ్డాక ప్రభువు కూడా ఇంకా ముందుకు వెళ్లేవాడిలాగే అగపడ్డాడు. ‘సాయంకాలము కావచ్చినది, ప్రొద్దు గ్రుంకినది’ అని వాళ్లు బలవంతం చేస్తేనే లోపలికొచ్చాడు. ఈ మాట ఎవరో తెలుగువాళ్లు రాసినట్టే ఉంటుంది నాకు. భోజనం వేళకి గుమ్మం ముందున్న మనిషిని తినకుండా పోనిస్తామా! అలా పిలిపించుకుని వచ్చిన అతిథి, బల్ల దగ్గర కూర్చోగానే, రొట్టె పట్టుకుని స్తోత్రం చేసి, విరిచి వాళ్లకిచ్చాడు. వడ్డించాల్సినవాళ్ల చేతులు చాచే ఉన్నాయి. కళ్లు తెరుచుకుంది అప్పుడే.

ఆ ముసలాయన తినేసి, చేతులు తుడుచుకుని, ఒక లేత కాయ తెచ్చాడు. పైన ఒక్క వేటు వేస్తే మూడు కళ్లు బయటపడ్డాయి. బొటనవేలు లోపలికి పోనిచ్చి, చిట్లకుండా ముంజని పైకి లేపి, దాని మీది పల్చటి తోలు ఒలిచాడు. చిన్నదాని నోటికి అందించి, “కొరకొద్దు, గుంజు” అన్నాడు. అది కొరికేసింది. లోపలి నీళ్లు గడ్డం మీదుగా కారి గౌనంతా తడిసింది. పెద్దోడు ఫక్కున నవ్వాడు. గేటు దగ్గరినుంచి అప్పటిదాకా వాడి నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

మా ఆడపడుచు ఇంగ్లండ్‌లో ఉంటుంది. అక్కడ ఈస్టర్‌కి బడులకి రెండు వారాల సెలవులు, సోమవారం అందరికీ సెలవు. పిల్లలు తోటల్లో దాచిపెట్టిన గుడ్లు వెతుక్కుంటారు. గుట్టల మీదనుంచి ఉడికించిన గుడ్లు దొర్లిస్తారు, సమాధి రాయి దొర్లిపోయిందన్న గుర్తుగా. పోలండ్‌లోని క్రాకోవ్‌లో అయితే ఈస్టర్ సోమవారం జరిగే జాతర పేరే ‘ఎమ్మాయు’. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆ రోజు కొన్నిచోట్ల కుటుంబాలు ఎమ్మాయు నడక అని బయల్దేరతాయి. ఇవి విన్నప్పుడు, మనం పండగ అయిపోయిందని తలుపులేసుకుని పడుకునే వేళని వాళ్లు ఎంత భద్రంగా దాచుకున్నారో అనిపించింది.

2026లో ఈస్టర్ ఏప్రిల్ 5. ముందురోజు శనివారం మెదక్ వెళ్దామనుకుంటున్నాం. ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన ఆ కెథెడ్రల్‌ని ఇప్పటిదాకా పిల్లలకి చూపించలేదు. ఇంగ్లిషు మిషనరీ పోస్నెట్ దొర కరువు రోజుల్లో కట్టిన గుడి అది. ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇచ్చి అన్నం పెట్టడానికి తలపెట్టిన గుడి అని చెబితే, “అంటే అన్నంతో కట్టారా?” అంది చిన్నది. అవునన్నాను. లోపలి రంగుటద్దాల కిటికీలు పగటి వెలుగు ఉంటేనే కనిపిస్తాయి, కాబట్టి మధ్యాహ్నానికే చేరాలి.

సోమవారం సాయంత్రం ఎండ తగ్గాక ఇంట్లోంచి సంజీవయ్య పార్కు దాకా నడక. ఫోన్లు ఇంట్లోనే. దారిలో పెద్దోడు లూకా 24 కథ చెబుతాడు, చిన్నది మధ్యలో ప్రశ్నలడుగుతుంది. అక్కడ గడ్డిమీద కూర్చుని తినడానికి పులిహోర, ఉడికించిన గుడ్లు. ఎంతమందికి సరిపడా చేయాలి అని అడిగితే అత్తయ్య వేళ్లు ముడిచి లెక్కపెట్టి, “ఆరుగురికి” అన్నారు. ఇంట్లో మేం ఐదుగురం.