ఫీజు ఎంతనో అన్నకు తెల్వలే

నల్గొండల గడియారం సెంటర్ దగ్గరి ఒక కోచింగ్ సెంటర్‌కు పోయిన ఏడు నేనే వెబ్‌సైట్ చేసిచ్చిన, మస్తుగ వచ్చిందని నాకు నేనే మురిసిన కూడా. మా పెద్దనాయన కొడుకు దేవరకొండల ఉంటడు, రేచీకటితోని మొదలై మెల్లమెల్లగ చూపు మొత్తం పోయింది, గ్రూప్స్‌కు చదువుతుండు. ఒకనాడు ఫోన్ చేసి తమ్మీ నువ్వు చేసిన సైట్‌ల ఫీజు ఎంతనో ఎక్కడున్నదిరా, అరగంట సంది దేవులాడుతున్న అన్నడు. మొదటి పేజీలనే ఉన్నది గదనే, ఇంత పెద్దగ, అన్న నేను.

ఆదివారం ఇంటికి పోయి పక్కన కూసొని చూసిన. అన్న ఫోన్‌ల టాక్‌బ్యాక్ ఉంటది, తెర మీద ఉన్నది చదివి వినిపిస్తది, వేలు కుడివైపు జరిపితే తర్వాతిది చదువుతది, రెండుసార్లు కొడితే నొక్కినట్టు. నా సైట్ తెరిచిండు. "ఐఎంజీ 2043, లింక్" అన్నది. మళ్ళ జరిపిండు, "బటన్". మళ్ళ "బటన్". గంతే. ఆ ఐఎంజీ 2043 ఏందో తెలుసా, ఫీజుల పట్టిక! డీటీపీ షాపుల కరపత్రం కొట్టించినప్పుడు వాళ్ళిచ్చిన జేపీజీని అట్లనే తెచ్చి పెట్టిన, ఆల్ట్ అంటె బొమ్మల ఏమున్నదో చెప్పే మాట, అది రాయలే, రాయనప్పుడు పాపం అది ఫైలు పేరన్న చదవాలె గద. ఆ బటన్లు వాట్సాప్ గుర్తు, ఫోన్ గుర్తు, వాటికి పేర్లు పెట్టలే.

సరే సిలబస్ పీడీఎఫ్ ఉన్నది గద అని అది తెరిపించిన. అది ఇంకా ఘోరం, డాలర్, బ్రాకెట్, ఏదో ఇంగ్లిష్ అక్షరం, మళ్ళ డాలర్... అన్న నవ్వుడు మొదలువెట్టిండు. అది అను ఫాంట్‌ల కొట్టింది. మన కాడ ప్రింటింగ్ పని చానా ఇంకా దాంట్లనే నడుస్తది, పెండ్లి పత్రికల కాడి నుంచి ఫ్లెక్సీల దాక. కంటికి తెలుగు లెక్కనే కనవడతది గని లోపల ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాల కోడ్లకే తెలుగు బొమ్మలు తొడిగిండ్రు. కాపీ చేసి వాట్సాప్‌ల పేస్ట్ చేస్తె మీకే తెలుస్తది. అందరు ఏఆర్ఐఏ, అంటె పేజీల ఏది ఏందో చదివే సాఫ్ట్‌వేర్‌కు చెప్పే కోడ్, అనుకుంట పెద్ద పెద్ద మాటలు చెప్తరు, నన్నడిగితే తెలుగు సైట్లకు అసలు రోగం గిదే, అక్షరం అక్షరంగ లేకపోవుడు, అయితే బొమ్మ, కాకుంటే అను.

ఇంటికొచ్చి కంప్యూటర్‌ల ఎన్‌వీడీఏ వేసుకున్న, అది కూడా టాక్‌బ్యాక్ లెక్కనే చదివి వినిపించేది. పైసలు పెట్టే పని లేదు, 2006ల ఆస్ట్రేలియాల మైకేల్ కరన్ అనే చూపులేని ఆయననే దాన్ని మొదలువెట్టిండు. మానిటర్ బంద్ చేసి నా సైట్‌ల నేను తిరిగిన, అయిదు నిమిషాలు కూడా ఉండలేకపోయిన. హెచ్ కొడితే హెడింగ్ నుంచి హెడింగ్‌కు దుంకాలె, నేను హెడింగ్ ట్యాగే వాడలే, ఉత్తగ అక్షరాలు లావు చేసిన. పేజీ భాష టెంప్లేట్‌ల ఇంగ్లిష్ అని ఉంటె అట్లనే వదిలేసిన, దాంతోని ఇంగ్లిష్ గొంతు తెలుగును చదవలేక మింగేస్తున్నది. దాన్ని టీఈ అని, అంటె తెలుగు అని, మార్చుడు రెండక్షరాల పని!

ఇంకొకటి, కింద అడ్రస్ స్టైల్‌గ ఉంటదని బూడిద రంగుల పెట్టిన, దాని కోడ్ హ్యాష్ 777, తెల్ల మీద. సైట్లు అందరికి అందేటట్టు చేసేతందుకు ఉన్న డబ్ల్యూసీఏజీ నియమాల ప్రకారం మామూలు అక్షరాలకు కాంట్రాస్ట్, అంటె అక్షరం రంగుకు వెనక రంగుకు తేడా, 4.5కు 1 ఉండాలె, దీనికి 4.48 వచ్చింది, ఆ జెరంతకు ఏమైతదిలే అనుకున్న. మా అమ్మకు చూపిస్తె, కంటి వెలుగుల ఇచ్చిన అద్దాలు పెట్టుకొని కూడా ఏమున్నదిరా గక్కడ అన్నది. నల్లగ చేసిన.

సెంటరాయనకు చెప్తె, ఎంతమంది వస్తరయ్యా అసొంటోళ్ళు అన్నడు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉన్నదన్న, 2025 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకునుడు కూడా జీవించే హక్కులనే వస్తదన్నదని చెప్పిన, ఆయన టీ తాగుకుంట ఇన్నడు. పైసలెక్కువ అడుగుతలేను అన్నంకనే సరే కానియ్ అన్నడు.

పట్టికను మళ్ళ టైప్ చేసి అసలు టేబుల్‌గ పెట్టిన. పీడీఎఫ్‌ను కన్వర్టర్ల ఏస్తె యూనికోడ్, అంటె అసలు తెలుగు అక్షరాలు, అయితే అయింది గని వత్తులు కొన్ని ఎటో పోయినయి, రెండు రాత్రులు కూసొని దిద్దిన.

అన్నకు లింక్ పంపిన. పది నిమిషాలకే ఫోన్.

"వచ్చిందిరా తమ్మీ, మొత్తం చదివింది. ఇంత ఫీజా? నేను చేరపో."