తాగుడు మానిన తర్వాతి సాయంత్రాలు

మా బాబాయి చికిత్స ముగించుకుని ఇంటికి వచ్చిన కొత్తలో మేమంతా కనిపెట్టి చూసింది ఒక్కటే, ఆయన దగ్గర మందు వాసన వస్తోందా లేదా అని. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే పిన్ని మంచినీళ్ళ గ్లాసుతో ఎదురెళ్ళేది; అది దాహం తీర్చడానికి కాదని ఆయనకూ తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఆయనకున్న స్నేహాలన్నీ చీకటి పడ్డాక మొదలయ్యేవే కావడంతో, మందుతోపాటు ఆ మనుషులూ దూరమయ్యారు, ముఖం చాటేసిన బంధువులు మాత్రం తిరిగి రాలేదు. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని, "నేను లేకపోతే మీకందరికీ హాయిరా" అన్నారు.

దాన్ని నేను విసుగులో అన్న మాటగా కొట్టిపారేశాను. ఎవరికీ కానివాణ్ణన్న బాధ, అందరికీ భారమయ్యానన్న నమ్మకం, ఈ రెండూ కలిసిన చోట చావాలన్న కోరిక బలపడుతుందని అమెరికన్ మనస్తత్వవేత్త థామస్ జాయినర్ 2005లో ప్రతిపాదించారని తర్వాత చదివినప్పుడు, బాబాయి ఒక్క వాక్యంలో ఆ రెండూ చెప్పేశారని అర్థమై వణికిపోయాను. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022లో నమోదు చేసిన 1,70,924 ఆత్మహత్యల్లో దాదాపు 7 శాతానికి మత్తు వ్యసనాన్ని కారణంగా చూపింది. కుటుంబ సమస్యల కింద చేరిన 32 శాతంలోనూ కొన్నింటి వెనక సీసా ఉండే ఉంటుందని నా నమ్మకం.

మరునాడు పక్కన కూర్చుని, "బాబాయ్, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు. ఆయన చాలాసేపు ఏడ్చారు. ఇద్దరం కలిసి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేశాం. అక్కడ తెలుగులోనే మాట్లాడారు.

ఆ తర్వాత ఆయన, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం సమావేశాలకు వెళ్ళసాగారు. దాని పుట్టుక నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. 1935లో, వ్యాపారం దెబ్బతిని అమెరికాలోని ఆక్రన్ నగరంలో ఒంటరిగా మిగిలిన బిల్ విల్సన్, హోటల్లోని బారు వైపు కాళ్ళు లాగుతుంటే, తనలాంటి మరో తాగుడు బాధితుడితో మాట్లాడాలని ఫోన్లు చేసి డాక్టర్ బాబ్ స్మిత్‌ను కలుసుకున్నాడు. అతనికి కావలసింది బుద్ధి చెప్పేవాడు కాదు, తన అవసరం ఉన్న మనిషి.

ఇప్పుడు బాబాయికి కొత్తగా మానిన ఒక కుర్రవాడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తుంటాడు. ఆయన నిద్రలో ఉంటే పిన్నే తట్టి లేపుతుంది.